అతుకుల జంతువు ఎట్ల లేస్తది?

కొత్తగా డ్రాయింగ్ టీచర్లుగా చేరబోతున్న వాళ్ళకు ఒక సంగతి ముందే చెప్పేస్తాను. బడిలో అడుగుపెట్టిన మొదటి రోజే ఎవరో ఒకరు మీ చేతిలో అట్టముక్క పెట్టి, "సారూ, చెప్పులు ఇక్కడ విడువరాదు అని జర మంచిగ రాసియ్యుండ్రి" అంటారు. రాసివ్వండి. నేనూ రాసిచ్చాను. నా మొదటి కళాఖండం అదే. తరిగొప్పుల బడిలో ఆఫీసు గది ముందు చాలా ఏళ్ళు వేలాడింది. అందరూ దాన్ని మెచ్చుకుంటూ సరిగ్గా దాని కిందే చెప్పులు విడిచేవారు.

జనగామ దిక్కు మొదలుపెట్టి, భూపాలపల్లిలో కొన్నేళ్ళు, చివరికి మానుకోటలో, అంటే మహబూబాబాద్‌లో, రిటైరయ్యేదాకా నాది డ్రాయింగ్ మాస్టరు ఉద్యోగం. చేతి గీతలు చూసి నా భవిష్యత్తు చెప్పినవాళ్ళు చాలామంది ఉన్నారు గానీ, నా బతుకంతా నా చేతి గీతల మీదే గడుస్తుందని ఒక్కరూ చెప్పలేదు.

సర్క్యులర్ల గురించీ ఇంక్రిమెంట్ల గురించీ చెప్పేవాళ్ళు మీకు బోలెడుమంది దొరుకుతారు. నేను చెప్పబోయేది జంతువుల గురించి. ఎక్కడా లేని జంతువులు. సగం బర్రె, సగం కొంగ. ముందు ముంగిస, వెనుక నెమలి. వాటిని పుట్టించడం, పిల్లల చేత పుట్టింపజేయడం, ఇదే నా అసలు పని. తలచుకుంటే ఇప్పటికీ కుర్చీలో కుదురుగా కూర్చోలేను. ఈ ముక్క రాస్తూ రెండుసార్లు లేచి గదంతా తిరిగి వచ్చాను.

రెక్కల గుర్రం

తరిగొప్పులలో చేరిన కొత్తలో నాకు వచ్చిన గొప్ప బొమ్మ ఒక్కటే, రెక్కల గుర్రం. ఏదో క్యాలెండరు చూసి నేర్చుకున్నది. దాన్ని నల్లబల్ల మీద వేశాను. క్లాసంతా దించుకుంది. ఒకే రకం గుర్రాలు నలభై, ఒకే దిక్కు ఎగురుతూ. నా అంతటి గురువు లేడనుకున్నాను.

గంట కొట్టడానికి వచ్చిన అటెండరు ఎల్లయ్య తలుపు దగ్గర ఆగి బల్ల వైపు చాలాసేపు చూశాడు. ఆయనకు ఇంటి దగ్గర రెండెడ్లు, మందగా గొర్లు ఉండేవి.

"మంచిగున్నది సారూ. గని ఒక్కటి అడుగుత, కోపం జెయ్యకు. గిది పన్నప్పుడు గీ రెక్కలు ఏడ వెట్టుకుంటది?"

"అది ఊహ ఎల్లయ్యా."

"ఊహ అయితే పండదా సారూ? ఊహకు నిద్ర రాదా?"

పిల్లలు నవ్వారు. నేనూ నవ్వాను గానీ నా నవ్వు కొంచెం ఆలస్యంగా వచ్చింది. ఇంటికి పోయి ఆలోచిస్తే తేలిందేమంటే, నేను గుర్రాన్ని దగ్గర నుంచి చూసింది పెళ్ళి బరాతుల్లోనే, అదీ దాని మీద పెళ్ళికొడుకు, చుట్టూ బ్యాండు ఉండగా. ఆ గుర్రం ఎట్లా పడుకుంటుందో, ఎట్లా లేస్తుందో నాకు తెలియదు. తెలియనిదానికి తెలియని రెక్కలు అతికించి పిల్లలకు ఊహ నేర్పుతున్నాను.

మరుసటి వారం ఒక నియమం పెట్టాను: అతికించే ప్రతి ముక్కా మీరు కళ్ళారా చూసిన జంతువుదే అయి ఉండాలి. బొమ్మ పూర్తయ్యాక మూడు ప్రశ్నలు అడుగుతాను. ఏం తింటది? ఎట్ల పంటది, ఎట్ల లేస్తది? ఎవలకు భయపడ్తది? జవాబు లేకపోతే ఆ జంతువు ఇంకా పుట్టనట్టే.

ఆ వారం నుంచి నా క్లాసు క్లాసు కాదు, సంత. పిల్లలు బడికి వచ్చేదారిలో ఉడుతల వెంట పడ్డారు, కోతుల ముందు నిలబడ్డారు, బర్రె నెమరు వేస్తుంటే దవడ ఎటు తిరుగుతుందో గమనించారు. ఒకడు పందికొక్కుకు గబ్బిలం చెవులు పెట్టి, "ఇది వడ్లు తింటది సార్. చెవులు కప్పుకొని పంటది. మా నాయినమ్మకు భయపడ్తది" అన్నాడు. మూడు జవాబులూ వచ్చాయి. ఆ జంతువు పుట్టింది. దానికి వాడి నాయినమ్మంటే భయం అన్నాడు కాబట్టి నాకు ఆ జంతువు మీద నమ్మకం కూడా కలిగింది.

బాయి జంతువు

భూపాలపల్లిలో బొగ్గుబాయి కార్మికుల పిల్లలు ఎక్కువ. అక్కడ ఒక పిల్లవాడు నల్లటి పెద్ద ఎలుకకు మిణుగురు పురుగు కడుపు పెట్టాడు. బొగ్గుబాయిలో తిరిగే జంతువట. వాడెప్పుడూ బాయిలోకి దిగలేదు గదా, చూడనిది అతికించొద్దన్నాను గదా అని నేను ఆ బొమ్మను వెనక్కిచ్చాను.

రెండో రోజు వాడి తండ్రి బడికి వచ్చాడు. ఫస్టు షిఫ్టు దిగి, స్నానం చేసి, కళ్ళ చుట్టూ బొగ్గు గీత ఇంకా పోకుండానే. కొట్లాటకు వచ్చాడనుకొని నేను కుర్చీ ముందుకు జరుపుకొని కూర్చున్నాను. బల్ల నా రక్షణకు ఉంటుందని.

"సారూ, పోరడు జూడలె. నేను జూసిన గద. నేను జెప్తనే వాడు గీసిండు. అండ్ల ఎలుకలు ఉంటయి, నిజం. మా టిఫిన్లు తింటయి" అని, జేబులోంచి ఆ కాగితం తీసి నా ముందు పరిచాడు. "గని ఒక్కటి తక్కువైంది. దీనికి మీసాలు పెద్దగ వెట్టాలె. బాయిల గాలి ఎటు వస్తుందో దీనికి ముందుగాల తెలువాలె. గది తెలిస్తేనే ఎనుక మేము బతుకుతం."

నేను పెన్సిలు ఆయన చేతికే ఇచ్చాను. ఆయన నాలుక కొన పళ్ళ మధ్య పెట్టుకొని, ఒక్కో మీసం ఒక్కో నిమిషం గీశాడు. ఆ రోజు నా నియమాన్ని సవరించుకున్నాను: నువ్వు చూడాలి, లేదా చూసినవాళ్ళను అడగాలి. పిల్లల బొమ్మ ఇంటికి వెళ్ళి, ఇంట్లోవాళ్ళ కళ్ళతో తిరిగి రావడం, అక్కడే మన పని సగం జరుగుతుంది.

దగ్గర్లో ఘనపురం కోటగుళ్ళకు పిల్లలను తీసుకుపోయినప్పుడు కూడా ఇదే చూపించాను. రాతిలో ఏనుగు మీద నిలబడ్డ సింహం ఒకటుంది, ఒంట్లో కొంత మనిషి. ఆ శిల్పి దాని బరువు ఏ కాలి మీద పడుతుందో చూసుకున్నాకే ఉలి పట్టాడు. అంత పాతదైనా ఇప్పుడే దూకుతుందేమో అనిపిస్తుంది. నా రెక్కల గుర్రమైతే పుట్టిన రోజే చచ్చిపోయింది.

లెక్కల సారు, లెక్కలోకి రాని సారు

మానుకోటలో నా హెడ్మాస్టరు లక్ష్మయ్య సారు. ఆయన లెక్కల సారు. నేను లెక్కలోకి రాని సారును. మనిషి మంచివాడే. పేద పిల్లలకు ఇంటి దగ్గర చదువు చెప్పేవాడు. కానీ డ్రాయింగ్ అంటే ఖాళీ పీరియడ్‌కు రంగు వేయడమని ఆయన నమ్మకం. పదో తరగతి ఫలితాలు తగ్గాయని ఒక ఏడాది నా పీరియడ్లన్నీ లెక్కలకు మార్చేశాడు.

"ఏం అనుకోకు బొమ్మల సారూ. రిబ్బన్ కటింగులు, జెండా పండుగలు ఉంటయి గద, నీకు పనికేం తక్కువ" అన్నాడు.

అప్పుడు గట్టిగా అడగాల్సింది. అడగలేదు. నా రంగుల పెట్టె బీరువా పైకి ఎక్కింది. పిల్లలు వరండాలో ఎదురైతే, "సార్, మన జంతువులు మళ్ళ ఎప్పుడు సార్?" అనేవారు. చూద్దాం అనేవాణ్ణి. చూసేది ఏమీ లేదని నాకూ తెలుసు, వాళ్ళకూ తెలుసు.

రాష్ట్రం కోసం సమ్మె మొదలైంది ఆ రోజుల్లోనే. బళ్ళు మూతపడ్డాయి, ఆఫీసులు మూతపడ్డాయి. అప్పటికింకా మానుకోట జిల్లా కాలేదు. తహసీల్ ఆఫీసు ముందు దీక్షా శిబిరం వేశారు. ఆ రోజులు చూడని వాళ్ళకు చెప్పాలి. ఒక్కో పనివాళ్ళు ఒక్కో రోజు తమ పనిని రోడ్డు మీదికి తెచ్చి చేసేవారు. మంగలివాళ్ళు నడిరోడ్డు మీద కుర్చీలు వేసి గడ్డాలు గీశారు. చాకలివాళ్ళు ఇస్త్రీ పెట్టెలు తెచ్చారు. డాక్టర్లు చెట్టు కింద నాడి పట్టారు. ఆడవాళ్ళు పొయ్యిలు పెట్టి వంటావార్పూ చేశారు. రోజూ పొద్దున శిబిరం ముందు ఒక నల్లబల్ల మీద సుద్దతో రాసేవారు: నేడు ఫలానా పనివారు. ఆ బల్ల చూస్తుంటే నాకు ఒళ్ళు పులకరించేది. పని ఇంత అందంగా ఉంటుందా అని. ఎవరి పని వారి చేతిలో జెండాలా ఉండేది.

నాకూ ఒక రోజు కావాలనిపించింది. శిబిరంలో లక్ష్మయ్య సారే రోజులు కేటాయించేవాడు, లెక్కల మనిషి కదా. పోయి అడిగాను.

"నువ్వు మాతోనే ఉపాధ్యాయులల్ల కూసుంటవు గద."

"నా పని వేరే గద సార్."

పక్కనున్న మిర్చి వ్యాపారం వెంకటయ్య సేటు నవ్వాడు. "సారూ, మంగలోళ్ళు గీస్తే గడ్డం పోతది. నువ్వు గీస్తే ఏం పోతది?"

"కాయితం పోతది" అన్నాడు ఎవరో. శిబిరమంతా నవ్వులు. నేనూ నవ్వాను. నా మీద జోకు నేనే మొదట వేసుకునే అలవాటు నాది. ఆ రోజు ఇంకొకరు వేశారు, అంతే తేడా.

లక్ష్మయ్య సారు నవ్వు ఆపి నా వైపు చూశాడు. "ఎల్లుండి ఉపాధ్యాయుల రోజు. ఒక పెద్ద జంతువును జెయ్. నీ పిల్లలతోని ఏవో జంతువులు గీయించేటోనివి గద, అసొంటిది. రోడ్డు మీద పండాలె, మళ్ళ లేవాలె. అది లేస్తే, బడి తెరిచినంక నీ పీరియడ్లు నీకు. లేవకపోతే ఇగ ఆ ముచ్చట బంద్."

"లేస్తది సార్" అన్నాను. ఎట్లా లేస్తుందని నన్ను నేను అడుక్కోలేదు.

అందరి మాటా విన్నాను

యువ మిత్రులారా, నా ఉద్యోగంలో అతి పెద్ద తప్పు ఇక్కడే చేశాను. అందరి మాటా విన్నాను.

బడి వరండాలో వెదురు బద్దలు, గోనె సంచులు, పాత పేపర్లు, మైదా జిగురు పెట్టుకొని కూర్చున్నాం. సాయానికి వచ్చినవాళ్ళు ఏడెనిమిది మంది పంతుళ్ళు. వచ్చిన ప్రతి మనిషీ ఒక అవయవం ఇచ్చి పోయాడు. లక్ష్మయ్య సారు సింహం తల ఉండాలన్నాడు, ఉద్యమం కదా. సేటు గోనె సంచులు ఇచ్చాడు కాబట్టి శుభానికి ఏనుగు తొండం అడిగాడు. ఒక వకీలు గద్ద రెక్కలన్నాడు. వ్యాయామం సారు గుర్రం కాళ్ళన్నాడు. నేను అన్నింటికీ సరే అన్నాను. నా పీరియడ్లు పోయినప్పుడు కాదనలేని నా నోరు, వాటిని తిరిగి తేవాల్సినప్పుడు కూడా కాదనలేదు.

రెండో రోజు మధ్యాహ్నానికి జంతువు తయారైంది. సగం సింహం, సగం సందేహం. లోపల ముందు నలుగురు, వెనుక నలుగురు మోయాలి. నడుము దగ్గర తాడుతో కట్టిన కీలు ఉంది కాబట్టి వంగుతుంది. నా క్యాలెండరు గుర్రం ముందుకాళ్ళు పైకెత్తి ఉండేది గదా, అదే మనసులో పెట్టుకొని, ముందు తల లేవాలి, తరువాత వెనుక లేవాలి అని లోపలివాళ్ళకు చెప్పాను.

పడుకోవడం బ్రహ్మాండంగా పడుకుంది. నలుగురు చప్పట్లు కొట్టారు.

"ఇగ లేపుండ్రి" అన్నాను.

ముందు నలుగురు ఊపిరి బిగబట్టి లేపారు. సింహం తల, దాని మీద తొండం, మొత్తం బరువు గాల్లోకి లేచి, ఒక్క క్షణం ఊగి, వెనక్కి వచ్చింది. వెనుక నలుగురి మీద పడింది. నడుములో వెదురు ఫట్టుమంది. కడుపు చిరిగి అందులోంచి వ్యాయామం సారు తల బయటికి వచ్చింది. "సారూ, ఇది లేవది. మమ్ములనే లేపుతది" అన్నాడాయన. 'పైలోకానికి' అన్న మాట మర్యాదకు మింగేశాడు.

లక్ష్మయ్య సారు అక్కడే ఉన్నాడు. చేతి గడియారం చూసుకున్నాడు. ఆ గడియారమే నన్ను ఎక్కువ కొట్టింది.

యాడి అడిగిన ప్రశ్న

అప్పుడే గేటు దగ్గర నుంచి ఒకామె లోపలికి వచ్చింది. చాందీబాయి. ఊరి బయట తండాలో ఉంటుంది, బర్లు, మేకలు కాస్తుంది. వాళ్ళ లంబాడీ భాషలో యాడి అంటే అమ్మ. తండా పిల్లల నోట విని మేమందరం ఆమెను అట్లాగే పిలిచేవాళ్ళం. ఆమె మనుమరాలు అనిత మా బడిలో ఎనిమిదో తరగతి. యాడి నన్ను చూడగానే కోపంగా మొదలుపెట్టింది.

"బొమ్మల సారూ, బడి ఎప్పుడు తెరుస్తరో జెప్పు. నా మన్మరాలు ఇంట్ల కూసోని నా పానం తీస్తాంది."

"ఏమైంది యాడీ?"

"ఏమైందా? పొద్దుగాల లేస్తే బర్రె ముందల కూసుంటది. కాయితం మీద దానికి రెక్కలు వెడ్తది, కొమ్ములకు ఈకలు వెడ్తది. 'యాడీ, బర్రె ఎట్ల పంటది? ఏ కాలు ముందుగాల మడుస్తది? మళ్ళ ఎట్ల లేస్తది?' ఒక్కటే అడుగుడు. పాలు పిండనిస్తలేదు. బర్రె సుత పరేషాన్ అయితాంది. ఆ పోరి అడిగితె నాకే తెల్వకపాయె, యాభై ఏండ్ల సంది బర్లు కాస్తున్న. ఇగ నేను సుత కూసోని జూసిన."

బీరువా పైన దుమ్ము పట్టిన నా మూడు ప్రశ్నలు తండాలో ఒక బర్రె ముందు కూర్చొని ఉన్నాయి. నా పీరియడ్లు పోయి ఏడాది దాటినా అవి మాత్రం పోలేదు.

యాడి చూపు వరండాలో చిరిగి పడివున్న జంతువు మీద పడింది. చుట్టూ ఒకసారి తిరిగింది. తొండాన్ని కాలి బొటనవేలితో కదిపింది.

"గిదేంది సారూ?"

"జంతువు."

"పంటదా?"

"పంటది."

"లేస్తదా?"

పిల్లలను ఇన్నేళ్ళు నేనడిగిన ప్రశ్న అది. నా జంతువును నేనే అడగలేదు.

"ముందు దిక్కు లేపినం, పడ్డది" అన్నాను చివరికి.

ఆమె నవ్విన నవ్వు తండా దాకా వినిపించి ఉంటుంది. "ముందు దిక్కా! నువ్వు బర్రెనెప్పుడన్న జూసినవా సారూ? ముందుగాల ఎనుక దిక్కు లేస్తది. ముందటి మోకాళ్ళ మీద ఉండి, తల గిట్ల కిందికి ముందటికి తోసి, పిర్రలు లేపుతది. గప్పుడు ముందటి కాళ్ళు. నేను పోరికి గదే జెప్పిన. మీ సారు నీకు గిది నేర్పలేదా అంటే, మా సారుకన్నీ తెలుసు అన్నది."

లక్ష్మయ్య సారు నా వైపు చూశాడు. నేను నేల వైపు చూశాను.

"యాడీ," అన్నాను, "జర కూసో. ఇగ నువ్వు చెప్పు, మేం చేస్తం."

"నా బర్లు?"

"సేటును పంపుత" అన్నాడు లక్ష్మయ్య సారు. అది విని సేటు అటుపక్కకు జారుకున్నాడు. చివరికి ఉపాధ్యాయులలోనే ఒకరు బర్ల దగ్గరికి పోయారు. ఆ పంతులు పాఠం వాటికి ఎట్లా నచ్చిందో తెలియదు గానీ, తిరిగి వచ్చినప్పుడు ఆయన చొక్కా మీద దాని జవాబు ఉంది.

సింహాన్ని కోసేశాం. తొండం తీసేశాం. "తొండం శుభం గద సారూ" అని సేటు దూరం నుంచే అరిచాడు. "శుభంగనే తీసేస్తున్నం" అని నేనూ అరిచాను. ఆ రోజు మొదటిసారి ఒకరితో 'కాదు' అన్నాను. ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

అప్పుడు మొదలైంది అసలు పండుగ. ప్రతి మనిషినీ ఒకటే అడిగాను: నువ్వు నీ కళ్ళతో చూసిన జంతువు ఏది? వ్యాయామం సారు ఏదుపంది అన్నాడు, చిన్నప్పుడు మక్క చేనులో చూశాడట, ఈనెపుల్లలతో ముళ్ళు కట్టాం. వకీలు తెల్లబోయి, "మా ఇంట్ల పిల్లి ఉన్నది" అన్నాడు. పిల్లి తోక పెట్టాం. యాడి ఒళ్ళు బర్రెది అన్నది, కాళ్ళు మేకవి అన్నది, గుట్ట ఎక్కాలంటే మేక కాళ్ళే కావాలట. పాలపిట్ట రెక్కలు నేను ఇచ్చాను. మా చిల్పూరు గుట్ట దగ్గర దసరాకు పొలాలన్నీ తిరిగి వెతికిన పిట్ట అది, ఎగిరినప్పుడు మాత్రమే తన నీలం చూపిస్తుంది. బీరువా పై నుంచి రంగుల పెట్టె దించి, నీలం ఒకటికి రెండుసార్లు కలుపుకున్నాను. ఏడాది తరువాత రంగు ముట్టుకోవడం కదా.

ముఖం ఎవరిది అన్నది మిగిలింది. లక్ష్మయ్య సారు గొంతు సవరించుకున్నాడు. "మా ఇంటెనుక ఒక ముంగిస వస్తది" అన్నాడు మెల్లగా. "రోజూ పొద్దుగాల లెక్కలు దిద్దుకుంట దాన్నే జూస్త. నిలబడి మెడ ఎత్తి జూస్తది. భయపడ్తది, గని పోదు." ఇన్నేళ్ళలో ఆయన నోటి నుంచి అంకె లేని మాటలు అన్ని ఒకేసారి వినడం అదే మొదలు.

పొద్దు గుంకకముందే రెండుసార్లు పడుకోబెట్టి, యాడి చెప్పినట్టు వెనుక నుంచి లేపాం. రెండుసార్లూ లేచింది. రెండోసారి నేను చిన్నపిల్లాడిలా ఎగిరాను. ఎవరూ చూడలేదనుకుంటున్నాను.

రోడ్డు మీద

మరుసటి రోజు పొద్దున వెనుక మోసే నలుగురిలో ఒకరికి జ్వరం వచ్చింది. మనిషి తక్కువ. లక్ష్మయ్య సారు చొక్కా చేతులు పైకి మడిచి, గోనె ఎత్తి లోపలికి దూరాడు. ఆ విధంగా మా హెడ్మాస్టరు బర్రె వెనుక భాగం బాధ్యతలు స్వీకరించాడు.

బస్టాండు దగ్గరి చౌరస్తాకు వచ్చేసరికి జనం, డప్పులు, ఆటోలు, రెండు దిక్కులా లారీలు. పిల్లలందరూ వచ్చారు, అనిత యాడి పక్కన. జంతువు నడిరోడ్డు మీద పడుకుంది. ముందటి మోకాళ్ళు మడిచి, తరువాత వెనుక దిగి, అచ్చం బర్రె పడుకున్నట్టు. జనంలోంచి ఒక ముసలాయన, "అవ్వ, గిది నిజమే!" అన్నాడు.

కాసేపటికి ఎస్సై వచ్చాడు. లాఠీ చంకలో పెట్టుకొని జంతువు చుట్టూ తిరిగాడు. "ఎవలది గిది?"

"మాదే సార్" అన్నాను.

"లేపుండ్రి. లారీలు ఆగినయి."

"మీరే అడుగుండ్రి సార్, మీ మాటన్న ఇంటదేమో."

జనం నవ్వారు. ఎస్సైకీ నవ్వు వచ్చింది, మీసంలో దాచుకున్నాడు. అప్పుడు పిల్లల గుంపులో ఎవరో అరిచారు: "ఏం తింటది?" నా క్లాసులో అడిగినట్టే. మిగతావాళ్ళు అందుకున్నారు. "గడ్డి తింటది!" "ఎవలకు భయపడ్తది?" "ఎవలకు భయపడది!" "ఎట్ల లేస్తది?"

అందరూ ఒక్కసారి ఆగారు. డప్పు కూడా ఆగింది. ఇది లేవకపోతే నా రంగుల పెట్టె మళ్ళీ బీరువా పైకే పోతుంది.

యాడి ముందుకు వచ్చి, తన బర్రెను అదిలించినట్టు చేత్తో గాలిలో ఒక్క చరుపు చరిచి, "హై!" అన్నది.

ముంగిస తల నేలకు వంగి ముందుకు సాగింది. గోనె కింద నుంచి లక్ష్మయ్య సారు గొంతు, "ఒకటి, రెండు, మూడు" అని వినిపించింది. ఎంతైనా లెక్కల మనిషి. బర్రె పిర్రలు లేచాయి. ఏదుపంది ముళ్ళు గలగలమన్నాయి. ఒక క్షణం జంతువు మోకాళ్ళ మీద, ముందుకు వంగి, పడుతుందో లేస్తుందో తెలియకుండా ఉంది. తరువాత ముందు కాళ్ళు లేచాయి. మెడ నిలబడింది. రెక్కలు విచ్చుకున్నాయి, రెండు దిక్కులా పాలపిట్ట నీలం.

అప్పుడు లేచిన అరుపు నేను మాటల్లో పెట్టలేను. గీయలేను కూడా. ఎస్సై లాఠీ చంకలోంచి జారి కింద పడింది, ఆయన దాన్ని తీసుకోవడం మరిచిపోయాడు.

గోనె ఎత్తి బయటికి వచ్చిన లక్ష్మయ్య సారు జుట్టు నిండా గోనె పీచు. తిన్నగా శిబిరం దగ్గరికి నడిచాడు. నల్లబల్ల మీద పొద్దున ఆయనే రాసిన "నేడు ఉపాధ్యాయులు" అన్న అక్షరాల కింద సుద్దతో ఇంకో వరుస రాశాడు: "బొమ్మల పనివారు". అక్షరాలు వంకరగా ఉన్నాయి. నేను సరిదిద్దలేదు. నా ఉద్యోగంలో నేను సరిదిద్దకుండా వదిలిన ఒకే ఒక్క రాత అది.

టైం టేబుల్

సమ్మె ముగిశాక బడి తెరిచారు. గోడ మీద కొత్త టైం టేబుల్ చూడటానికి నేను పిల్లలందరి తరువాత పోయాను. ప్రతి తరగతికీ వారానికి రెండు డ్రాయింగ్ పీరియడ్లు ఉన్నాయి. లెక్కలను తగ్గించి ఇచ్చినవి.

మొదటి పీరియడ్ ఎనిమిదో తరగతి. నేను పోయేసరికి వెనుక బెంచీలో, అనిత పక్కన, లక్ష్మయ్య సారు కూర్చొని ఉన్నాడు, చేతిలో డ్రాయింగ్ కాగితం. పరీక్షించడానికి వచ్చాడనుకున్నాను. పీరియడ్ చివర అందరితోపాటు ఆయన కూడా లేచి బొమ్మ తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. ముంగిస ముందు భాగం, పావురం వెనుక భాగం, నాలుగు కాళ్ళూ ఒకే కొలతలో, స్కేలు పెట్టి గీసినవి.

"ఏం తింటది సార్?" అడిగాను.

"శనగలు."

"ఎట్ల లేస్తది?"

"ఎనుక నుంచి" అన్నాడు వెంటనే. పిల్లలు నవ్వారు.

"ఎవలకు భయపడ్తది?"

ఆయన ఆలోచించాడు. తరువాత ఆ కాగితాన్ని తిరిగి తీసుకున్నాడు.

"వచ్చే పీరియడ్ల జెప్త సారూ," అన్నాడు. "ఇంక జూడాలె."